కొలబద్దకు అందని పలుకు

శిశు వికాసమును గూర్చి తెలుగునాట జరిగిన రెండు ప్రయత్నములను పక్కపక్కన నుంచి చూచినచో, ఒకదాని గుణము రెండవదాని కొరతను తెలుపును.

మొదటిది ఆహారమునకు సంబంధించినది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీపమున 29 గ్రామములను పరిశీలించెను. పదిహేనింట గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును అదనపు ఆహారము లభించెను. తక్కిన పదునాలుగింటికి ఆ పథకము అప్పటికింకను రాలేదు. 2003-05లో ఆ పిల్లలను మరల కొలిచిరి. ఆహారము లభించిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగియుండిరి. ఆ గ్రామములు చీట్లు వేసి ఎన్నుకొన్నవి కావు, ఇది లోపమే. అయినను పోల్చి చూచుటకు రెండవ పక్షము కలదు. ఇదే దాని బలము.

రెండవది భాషకు సంబంధించినది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించెను. ఉద్దేశము మెచ్చదగినది. కాని అది ఒకటవ తరగతితో మొదలయ్యెను. అంగన్‌వాడీలో గడచు మూడు మొదలు ఆరేండ్ల ప్రాయము, అనగా పలుకు వికసించు కాలము, దాని పరిధిలోనికి రాలేదు.

ఈ కొరత ఎట్టిదో పినపాక వంటి కోయపల్లెల ప్రాంతమున తెలియును. కోయ భాషలో 'ఏరు' అనగా నీరు, తెలుగులో వాగు. ఇంట కోయయే వినిన పసివానికి నీళ్లగ్లాసు చూపి "ఇదేమి?" అని అడిగినచో "ఏరు" అనును. తెలుగు మాత్రమే ఎరిగినవారు దానిని తప్పుగా లెక్కింతురు. అప్పుడు కొలువబడినది బుద్ధి కాదు, తెలుగు పరిచయము మాత్రమే. ఉష్ణమాపకముతో బరువు తూచుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

పెద్దయైన పిదప తెలుగు అవసరమే కదా యని కొందరందురు. నిజమే. కాని ఎరిగిన పలుకునుండి ఎరుగని పలుకునకు పోవుటయే బోధనా క్రమము.

కావున మొదటి ప్రయత్నపు పద్ధతి రెండవదానికి కావలెను. కొన్ని కేంద్రములలో కోయతో ఆరంభించి, కొన్నింట ఇప్పటి రీతినే సాగించి, రెండు భాషలలోను పరీక్షించి, కొన్నియేండ్ల పిదప మరల చూడవలెను. అంతవరకు ఉపాధ్యాయులు పిల్లవానిని మందమతి యనుటకు ముందు, వాని ఇంటి భాషలో ఒక్కమారు ప్రశ్నింపజేయుట మేలు.