డేటాసెట్టు: పాతబడు నకలు

పోచంపల్లిలో మాస్టర్ వీవర్ వద్ద పడుగు, పేక తెచ్చుకొన్న నేతగాడు తన యింట మగ్గముపై దినముల తరబడి నేయును. అంతకాలము మాస్టర్ వీవర్ ప్రక్కన నిలువనక్కరలేదు. చీరలు దింపిన పిదప లెక్క చూచుకొందురు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2002లో డాట్ నెట్‌తో పాటు విడుదల చేసిన ఏడీవో డాట్ నెట్‌లోని డేటాసెట్టును బోధించునపుడు నేను ఈ పోలికనే చెప్పుచుంటిని. అందులో ఒక లోపమున్నది. విచిత్రమేమనగా, ఈ సాధనముతో వచ్చు చిక్కు సరిగా అక్కడనే యున్నది.

డేటాబేసు అనగా వరుసలుగా సమాచారమును దాచు పెద్ద చిట్టా. డేటా అడాప్టరునకు ‘ఫిల్’ అని ఆజ్ఞాపించినచో, అది చిట్టాతో సంబంధము తెరచి, కావలసిన వరుసలను మన కంప్యూటరు జ్ఞాపకములోనికి నకలు చేసి, సంబంధమును మూసివేయును. పిమ్మట తీరికగా మార్పులు చేసి ‘అప్‌డేట్’ అన్నచో, మారిన వరుసలు మాత్రమే వెనుకకు పోవును. సంబంధము కొద్దిసేపే తెరచియుండుటచే ఒకే చిట్టాను ఎందరో వాడుకొనగలరు. ఇది మెచ్చదగిన ఏర్పాటే.

అయితే పడుగు ఒకే యింటికి పోవును. నకలు పదిమందికి పోవును! ఒక చీరల దుకాణమును ఊహింపుడు. ఇద్దరు గుమాస్తాలు ఉదయము 10 గంటలకు ‘40 చీరలు’ అను వరుసను తెచ్చుకొనిరి. ఒకడు 3 అమ్మి 37 అని వ్రాసెను. రెండవవాడు 5 అమ్మి, తన నకలును బట్టి 35 అని వ్రాసెను. చిట్టాలో 35, బీరువాలో 32. లేని 3 చీరలకై బీరువా తాళములు పట్టుకొన్న పనివాని ననుమానింతురు గదా!

డేటాసెట్టు ప్రతి వరుసకును తెచ్చినప్పటి విలువను, మారిన విలువను రెంటిని దాచును. వ్రాయుటకు ముందు పాత విలువ చిట్టాలో అట్లే యున్నదా యని పోల్చినచో, రెండవవాని మార్పు నిలిచి దోషము బయటపడును. కమాండ్ బిల్డర్ కట్టు ఆజ్ఞలో ఈ పోలిక యుండును. చేతితో ఆజ్ఞ వ్రాయువారు చీర సంఖ్యను మాత్రమే చూచి ఊరకొందురు; నేను దిద్దిన విద్యార్థుల ప్రాజెక్టులలో తరచు కనబడినది ఇదే.

పట్టుబడినను చిక్కు తీరదు. వరుసలు ఒకదాని తరువాత ఒకటిగా పోవుచుండగా, మామూలుగా మొదటి దోషము వద్ద పని ఆగిపోవును. ముందు పోయినవి వ్రాయబడియే యుండును. అన్నిటిని ఒకే ట్రాన్సాక్షనుగా కట్టనిచో సగము పుట మాత్రమే మారును. ఇది చిన్న లోపమని నేననుకొనను.

నిల్వ లెక్కకు సులభమైన మార్గము వేరొకటి కలదు: ‘35 అని వ్రాయుము’ అనక, ‘ఉన్నదానిలో 5 తగ్గింపుము’ అని చిట్టాకే ఆజ్ఞాపించుట. ధర మార్పునకు ఇది చెల్లదు; ఏ ధర నిలువవలెనో మనిషినే అడుగవలెను. ప్రయోగశాలలో ఒకే ప్రోగ్రామును రెండు కంప్యూటర్లపై తెరచి, ఒకే వరుసను రెండింటను మార్చి చూడుడు.