డాబా మీద గుడారం

కరీంనగర్ మంకమ్మతోటలో ఒక డాబా. డిసెంబరు రాత్రి పదిన్నర. ఇద్దరు మధ్యవయసు మిత్రులు కొత్త టెంటును తిప్పి తిప్పి చూస్తున్నారు. మేకులైతే ఉన్నాయి, అవి దిగేందుకు మన్నే లేదు. చివరికి నాలుగు మూలలకూ నాలుగు ఇటుకలు కట్టారు. కింది వాటా పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి చూసి, "ఇల్లు ఉండంగ గీ గుడిసె ఏంది బిడ్డా?" అంది. ఆ ఇద్దరిలో ఒకడు ఈ కాలమ్ రాసే మనిషే. ఆ ప్రశ్నకు ఆ రాత్రి జవాబు దొరకలేదు.

అట్ట మీద 'ఇద్దరికి' అని ఉంటుంది. షేర్ ఆటోవాడు 'ఇంకొక్కరు పడతారు' అంటే ఎలా వింటామో దాన్నీ అలాగే వినాలి. తేలికరకం టెంట్లలో చాలావాటికి నేల తలవైపు 130 సెంటీమీటర్లు, కాళ్లవైపు 110కి అటూ ఇటూ. నడకకు తీసుకెళ్లే పరుపు ఒక్కోటి 51 సెంటీమీటర్లు. రెండూ పరిచాక మిగిలేది లెక్క వేసుకోండి. బ్యాగులు బయట వసారాలో పడుకోవాల్సిందే. తలుపు ఒక్కటే అయితే, అర్ధరాత్రి లేచినవాడు పక్కవాడి మీదుగా పాకాలి. రెండో తలుపుకు కొన్ని గ్రాములు పెరిగితే పెరగనీ!

తూకం దగ్గరా తిరకాసే. లోపలి గది, పైకప్పు, కడ్డీలు మాత్రం కలిపి ఒక బరువు చెబుతారు; మేకులు, తాళ్లు, సంచీలు చేరిస్తే ఇంకొకటి. పెద్దక్షరాల్లో కనిపించేది మొదటిదే. కిరాణా కొట్టు కాంటా మీద పెడితే సంగతి తేలుతుంది.

ఇక గుడ్డ. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. తేలిక టెంట్ల గుడ్డ 15, 20 డెనియర్ల దాకా సన్నబడింది. 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న సిరిసిల్లలో, పాలిస్టర్ మరమగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లకు డెనియర్ ఇంటి మాట. అయితే అదొక్కటే చెబితే నేతగాడు ఊరుకోడు, అంగుళానికి పోగులెన్ని అంటాడు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు అది. పలచన వేరు, బలహీనం వేరని అక్కడ ఒకరు చెప్పక్కర్లేదు. టెంటు గుడ్డను కంటికి దగ్గరగా పెడితే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ఆ గీతల్లో నడిచేది లావు పోగు. ముల్లు తగిలి చిరిగినా, ఆ చిరుగు చాలాసార్లు గీత దగ్గరే ఆగిపోతుంది. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకూ ఎక్కువ ఓర్చుకుంటుంది. మన ఎండలకు అదే నయమన్నది ఈ కాలమ్ పక్షపాతం.

తెల్లవారుజామున నాలుగింటికి మొహం మీద చుక్క పడింది. వాన కాదు. చలికి జడిసి జిప్పులన్నీ మూసేస్తే, ఇద్దరి ఊపిరీ చల్లబడిన కప్పుకు తగిలి నీరై కారింది. ఆదిలాబాద్ ఏజెన్సీలో కనిష్ఠ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల కిందికి దిగే రాత్రులుంటాయి. అక్కడ ఒంటిపొర టెంటులో పడుకుంటే తెల్లార్లూ ఈ అభిషేకమే. జాలీ గది, దానికి కాస్త ఎడంగా పైకప్పు ఉంటే నీళ్లు పైపొర లోపలివైపు నుంచే జారిపోతాయి. దోమలూ బయటే ఉంటాయి.

రామగిరి ఖిల్లా మీద బండ, ఆదిలాబాద్ చేలల్లో నల్లరేగడి. బండలో మేకు దిగదు. నెర్రెలిచ్చిన రేగడిలో దిగినా నిలవదు. చేతికర్రలనే గుంజలుగా నిలబెట్టే అతితేలిక టెంట్లు ఎంత ముద్దొచ్చినా, అవి తాళ్ల బిగింపు మీదే బతుకుతాయి. కడ్డీలు వంచితే తనంతట తాను నిలబడే డేరాకు నాలుగు రాళ్లు చాలు. 1975లో నార్త్ ఫేస్ కంపెనీ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకార కట్టడాలను చూసి 'ఓవల్ ఇంటెన్షన్' టెంటు తెచ్చాక ఈ తరహా డేరాలు బాగా ప్రచారంలోకి వచ్చాయి.

అసలు ఈ నేల మీద రోజుల తరబడి నడిచేవాళ్లు టెంటు ఊసే ఎత్తరు. పుష్యమాసపు చలిలో మెస్రం వంశపు గోండులు కేస్లాపూర్ నాగోబా పూజ కోసం, గోదావరి జలం తేవడానికి కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా, ఒకరి వెనక ఒకరుగా నడుస్తారు. ఝరీ అనే పాత్రలో నీళ్లు తెచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. అమావాస్య రాత్రి మహాపూజ.

సరదా నడకవాళ్లకు అక్కడ అంత చనువు లేదు. ఆ దారిలోని జన్నారం వైపు అడవి 2012 నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వ్. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం వేయడానికి లేదు. కాబట్టి ఈ టెంటు మే నెలలో హిమాచల్‌కు వెళుతుంది. ఈలోగా తడిగా మడిచి అల్మారాలో పెడితే ఉక్కకు లోపలి పూత జిగురు జిగురుగా ఊడుతుంది. అందుకే పొద్దున్నే దాన్ని డాబా మీది తాడుకు ఆరేశారు. పెద్దమ్మ మళ్లీ మెట్లెక్కింది, భుజం మీద తడి దుప్పటితో.

"జర అటు జరుపు బిడ్డా, గిది గూడ ఎండాలె."