దాసీల వైపు నుంచి

ఇరవయ్యేళ్లకు ఇథాకా చేరిన ఒడిస్సియస్, తన భార్య పెనెలొపీని పెళ్లాడాలని ఇంట్లో తిష్ఠ వేసిన మగవాళ్లందరినీ చంపేస్తాడు. వాళ్లతో పడుకున్నారన్న నేరానికి పన్నెండు మంది దాసీల చేత ఆ శవాలు మోయించి, బల్లలకు అంటిన నెత్తురు కడిగించి, ఆ తర్వాత వాళ్లను ఉరి తీస్తారు. హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లో ఈ ఉరి కొద్ది పాదాల్లో ముగిసిపోతుంది.

మార్గరెట్ అట్‌వుడ్ 2005లో ‘ది పెనెలొపియాడ్’ రాస్తూ సరిగ్గా అక్కడ ఆగారు. చనిపోయిన పెనెలొపీ పాతాళం నుంచి కథ చెబుతుంటే, దాసీలు మధ్యమధ్య గుంపుగా వచ్చి పాడతారు, విచారణ జరిపిస్తారు. ఆ మగవాళ్ల గుట్టు లాగమని వాళ్లను పురమాయించింది పెనెలొపీయే. ఉరి జరిగాక కూడా ఆమె భర్త ముందు ఆ సంగతి మీద నోరు విప్పదు. పాత కథను ఆడవాళ్ల వైపు నుంచి తిరగరాసేవారికి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, తమ నాయికను కూడా బోనెక్కించడం.

మాడలిన్ మిల్లర్ ‘సర్సీ’ (2018) ఇక్కడ కొంత తడబడింది. ‘ఒడిస్సీ’లోని మంత్రగత్తె సర్సీ మగవాళ్లను పందులుగా ఎందుకు మారుస్తుందో హోమర్ చెప్పడు. మిల్లర్ ఒక అత్యాచారాన్ని కారణంగా చూపారు. దాంతో జాలి పుడుతుంది కానీ, ఆమెను చూస్తే కలిగే భయం తగ్గిపోతుంది. అదే నవలలో, గుక్కపట్టి ఏడ్చే పసివాడితో దీవిలో ఆమె ఒంటరిగా పడే పాట్లు మాత్రం గొప్పగా ఉన్నాయి.

హోమర్ మరో కావ్యం ‘ఇలియడ్’లో గ్రీకు వీరులు అకిలీస్, అగమెమ్నాన్ తగువుపడేది బందీగా చిక్కిన బ్రిసెయిస్ కోసం. ఆమె మాట్లాడేది ఒక్కసారే, 19వ సర్గలో, అకిలీస్ స్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి. భర్తనూ, ముగ్గురు అన్నదమ్ములనూ ఒకే యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి ఆమె. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ ఏడుస్తారు. పైకి పాట్రోక్లస్ కోసమే అయినా, ఎవరి దుఃఖం వాళ్లదని హోమరే అంటాడు. నవలకు సరిపడా సరుకు ఆ మాటలోనే ఉంది. పాట్ బార్కర్ ‘ది సైలెన్స్ ఆఫ్ ద గర్ల్స్’ (2018)లో భర్తను చంపినవాడి పక్కలోనే పడుకోవలసిన స్త్రీ రోజులన్నీ రాశారు. మధ్యలో కథనం అకిలీస్ వైపు జరగడాన్ని కొందరు తప్పుపట్టారు. కానీ గ్రీకుల శిబిరంలో బ్రిసెయిస్ బతుకంతా అతని చేతిలోనే ఉంది. ఆమె కథలో అతను అంత చోటు ఆక్రమించకపోతేనే అబద్ధమయ్యేది.

బ్రిసెయిస్ ఎంతైనా ఒకప్పటి రాణి. ఆ నవలల వరసలో మూడోదైన ‘ది వాయేజ్ హోమ్’ (2024)లో బార్కర్ ఇంకో మెట్టు దిగి, కథలో ఎక్కువ భాగాన్ని రిట్సా చేత చెప్పించారు. ఆమె ట్రాయ్ రాకుమారి కసాండ్రాకు ఊడిగం చేసే బానిస. హోమర్ కావ్యాల్లో ఎంత వెతికినా దొరకని పేరు అది.