ఉన్నచోటే పేరు దిద్దడం

ఫోల్డరు బొమ్మ కింద, పట్టికలోని గడిలో, కొమ్మలుగా విచ్చుకునే జాబితాలో కనిపించే పేరును వేరే కిటికీ తెరవకుండా అక్కడికక్కడే మార్చుకోనివ్వడం డెస్క్‌టాప్ రూపకల్పనలో పాత పద్ధతి. 1984 నాటి మెకింటాష్‌లో బొమ్మను ఎంచుకుని టైపు చేస్తే చాలు, పేరు మారిపోయేది. పొరపాటున ఏ మీట తగిలినా పాత పేరు పోయేది కూడా. అందుకే 1991లో వచ్చిన సిస్టమ్ 7లో పేరు మీదే నొక్కి, కాసేపు ఆగితేనే దిద్దుబాటు మొదలయ్యేలా చేశారు. జావా స్వింగ్‌లోని కొమ్మల జాబితా 1200 మిల్లీసెకన్లు ఆగుతుంది. విండోస్‌లో ఎఫ్2 మీట ఆ ఎదురుచూపును తప్పిస్తుంది.

నిజానికి పేరును చూపే లేబుల్ మారదు. దాన్ని దాచి, సరిగ్గా అదే స్థానంలో, అదే ఫాంటుతో, అదే పరిమాణంలో రాతపెట్టె ఒకటి నిలబెడతారు. జీటీకే 4 అనే ఇంటర్‌ఫేస్ లైబ్రరీలోని ఎడిటబుల్ లేబుల్ ఈ రెండింటినీ ఒకే వస్తువులో పెట్టుకుని అవసరాన్ని బట్టి ఒకదాన్ని చూపిస్తుంది. అలాంటిదే అయిన క్యూటీలో ఆ పని డెలిగేట్ అనే సహాయక వస్తువుది. పెట్టె తెరుచుకున్నప్పుడు అక్షరాలు పిక్సెల్ కూడా కదలకూడదు. కదిలితే చూపు తడబడుతుంది. పాత పేరంతా ఎంపికై ఉండాలి. విండోస్ విస్టా నుంచి ఫైలు పేరులో చుక్క తర్వాతి భాగాన్ని ఎంపికలోంచి మినహాయించడం మంచి మార్పు. ఎంటర్ నొక్కితే కొత్త పేరు ఖాయం, ఎస్కేప్ నొక్కితే పాత పేరు వెనక్కి. ఈ రెండో హామీ లేని ఇంటర్‌ఫేస్‌లో పేరు ముట్టుకోవాలంటేనే భయం.

తెలుగు పేర్ల దగ్గరికి వచ్చేసరికి పని సున్నితమవుతుంది. నెల్లూరు జిల్లా పడమటి అంచున ఉన్న వరికుంటపాడు పేరునే తీసుకుంటే, చదివేవారికి అందులో ఆరు అక్షరాలు: వ, రి, కుం, ట, పా, డు. యూనికోడ్‌లో మాత్రం పదకొండు సంకేతాలు, ఎందుకంటే గుణింతపు గుర్తులకూ సున్నకూ విడివిడి సంకేతాలున్నాయి. బాణం మీట కర్సర్‌ను అక్షరం నుంచి అక్షరానికి నడిపించాలి, గుణింతం మధ్యలో ఆపకూడదు. ఆత్మకూరులోని 'త్మ' ఇంకా కష్టం. అక్షరాల్ని విడదీసే యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం అది పొల్లు తర్వాత తెగేది. 2023 నాటి 15.1 కూర్పుతోనే తెలుగు సంయుక్తాక్షరం ఆ నియమంలో ఒకే ముక్క అయింది. పాత నియమం మీద నడిచే ప్రోగ్రాముల్లో కర్సర్ తకూ మకూ మధ్య, కంటికి ఆనని చోట ఆగిపోగలదు.

చెరపడానికి అక్షరమనే ఈ కొలత పనికిరాదు. 'ఆత్మకురు' అని పడితే 'కు' పక్కన కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొడితే కొమ్ము పోయి 'క' మిగలాలి, దానికి కొమ్ముదీర్ఘం తగిలిస్తే సరిపోతుంది. అక్షరమంతా ఊడిపోతే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. నడకకు అక్షరం, వెనక్కి చెరపడానికి సంకేతం అన్న ఈ తేడాను పాటించే పెట్టెలోనే తెలుగు రాయడం సుఖం. లిప్యంతరీకరణతో రాసేవారికి మరో చిక్కుంది. వాళ్లు పదాన్ని ఖాయం చేయడానికి కొట్టిన ఎంటర్‌ను పెట్టె తనదనుకుని మూసుకుపోతుంది. పదం ఇంకా కూర్పులో ఉన్నంతసేపు ఎంటర్, ఎస్కేప్ రెండూ కీబోర్డు పద్ధతికే చెందాలి.

ఎత్తు సంగతి చాలామంది మరిచిపోతారు. లాటిన్ అక్షరాలకు కొలిచిన పెట్టెలో 'దుత్తలూరు'లో 'త్త' కింది ఒత్తు, 'రాష్ట్రం'లో కిందికి దిగిన రెండు ఒత్తులు తెగిపోతాయి. పెట్టె ఎత్తును వాడుతున్న ఫాంటు నుంచే తీసుకోవాలి.

ఖాయం చేసే క్షణంలో మూడు పరీక్షలు జరగాలి. మొదటిది నిడివి. లినక్స్‌లోని ఎక్స్‌టీ4 ఫైలు పేరుకు 255 బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి 85 సంకేతాలకే హద్దు వస్తుంది, వరికుంటపాడు ఒక్కటే 33 బైట్లు తినేస్తుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 సంకేతాలు పడతాయి కనుక అక్కడ చెల్లిన పేరు ఇక్కడ చెల్లకపోవచ్చు. ఆ మాట పెట్టె తెరిచి ఉండగానే, రాసింది పోగొట్టకుండా చెప్పాలి. రెండోది పోలిక. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి ఐత్వపు కింది గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. యూనికోడ్ సాధారణీకరణ చేశాకే అదే పేరు మరొకటి ఉందేమో చూడాలి. మూడోది, పేరంతా ఖాళీగా మిగిలిందేమో చూడటం.

ఆ తర్వాత వరుస. ఉదయగిరి నియోజకవర్గపు ఎనిమిది మండలాల జాబితాలో 'వుదయగిరి' అని ఉన్నదాన్ని 'ఉదయగిరి'గా దిద్దితే, అకారాది క్రమంలో అది వింజమూరు తర్వాతి చోటు వదిలి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. జాబితా పొడవైతే దిద్దినవారికి అది మాయమైనట్టే. ఎంపికను ఆ పేరుతోపాటే తీసుకెళ్లి, కొత్త చోటు తెరమీద కనిపించేలా జాబితాను జరపాలి. ఒకదాని వెంట ఒకటిగా చాలా పేర్లు దిద్దుతున్నప్పుడైతే దిద్దుబాట్లన్నీ ముగిసేదాకా వరుస మార్చకపోవడమే మేలు.