నావిక గడియారము: ఒక గ్రంథ పరిశీలన

నడిసముద్రములోనున్న ఓడ ఏ రేఖాంశముపై ఉన్నదో తెలియుటకు, సూర్యునిబట్టి అచ్చట తేలిన కాలమును బయలుదేరిన రేవులోని కాలముతో పోల్చవలెను. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. కనుక రేవుకాలమును చూపు గడియారము 4 నిమిషములు తప్పినచో లెక్క ఒక డిగ్రీ తప్పును. భూమధ్యరేఖవద్ద అది సుమారు 111 కిలోమీటర్లు. ఈ చిక్కు తీర్చినవారికి 20,000 పౌనులవరకు బహుమానమని 1714లో బ్రిటిష్ పార్లమెంటు శాసించినది. వడ్రంగియైన జాన్ హారిసన్ (1693-1776) దానిని సాధించిన కథయే డావా సోబెల్ 1995లో ప్రకటించిన ‘లాంజిట్యూడ్’.

గ్రంథము ఆసక్తితో చదివించును. 13 సెంటీమీటర్ల వ్యాసముగల హారిసన్ నాలుగవ గడియారము, 1761-62 జమైకా ప్రయాణమున, దినదిన సవరణ పోగా 81 దినములలో 5 సెకనులే వెనుకబడిన ఘట్టము తరగతిలో చదివి వినిపింపదగినది.

అయితే గ్రంథపు ఉపశీర్షిక హారిసన్‌ను ‘ఒంటరి మేధావి’ అనుచున్నది. చరిత్ర దీనికి ఒప్పదు. లండన్‌లోని గడియార నిర్మాత జార్జి గ్రాహమ్ వడ్డీలేని అప్పిచ్చి ఆయనను ఆదుకొన్నాడు. 1753లో జాన్ జెఫ్రీస్ చేసియిచ్చిన జేబుగడియారము చక్కగా నడచుటచేత హారిసన్ దృష్టి బరువైన యంత్రములనుండి చిన్న గడియారములవైపు మరలినది. లార్కమ్ కెండాల్ 1769లో ముగించిన నకలు కెప్టెన్ కుక్ 1772-75 యాత్రలో నమ్మకముగా పనిచేసినది.

కాని ఆ నకలుకు 500 పౌనులైనది. అంత వెలపెట్టి ఓడకొకటి కొనుట సాధ్యమా? జాన్ ఆర్నాల్డ్, థామస్ ఎర్న్‌షాలు యంత్రమును సరళము చేసినారు. లాంకషైర్ పనివారు పళ్లచక్రములను, ముడి యంత్రములను సిద్ధపరచగా, లండన్ పనివారు వాటిని సరిదిద్ది పూర్తిచేయుచుండిరి. ఈ శ్రమవిభజనచేతనే నావిక గడియారము క్రమముగా ఓడలన్నిటికి అందినది. సోబెల్ దీనిని స్పృశించినను, కథ బరువును హారిసన్‌కు, ఖగోళజ్ఞుడు మాస్కెలీన్‌కు నడుమగల వైరముమీదనే మోపినారు.

విజ్ఞానము అసాధారణ మేధావుల సొత్తేనని నమ్మిన విద్యార్థి, ఆకురాయి పట్టిన తన చేతికి అందులో చోటులేదని తలపోయును. కనుక ఉపాధ్యాయులు ఈ గ్రంథమును చదివింపవలెను. హారిసన్‌తోపాటు గ్రాహమ్, జెఫ్రీస్, కెండాల్‌ల పేర్లను కూడ నల్లబల్లపై వ్రాయవలెను.