చౌక కంప్యూటరు: ధరల జాబితాలపై ఒక విమర్శ

విడిభాగములు కొని ఇంటిలోనే కంప్యూటరు కూర్చుకొనదలచినవారి కొరకు ధరల జాబితాలు అనేకము వెలువడుచున్నవి. ఏ ప్రాసెసరు ఏ మదర్‌బోర్డుకు అమరునో తెలిపి అవి క్రొత్తవారి బెరుకు తీర్చును. ఇది మెచ్చదగినదే. కాని పైకములో హెచ్చుపాలు ప్రాసెసరుకు పోసి, తక్కినవానిలో కోత పెట్టుమను జాబితాలు వానిలో పెక్కు గలవు. లోపమంతయు ఇచ్చటనే యున్నది.

ఖర్చు తగ్గించుటకు పాత హార్డ్ డిస్కునే వాడుమను సలహాను చూతము. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు డిస్కుకు ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. కావలసిన సమాచారము హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా సుమారు 4.2 మిల్లీసెకండ్లు, వేచియుండవలెను. ఈలోపల 3 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసరులో సుమారు కోటి పాతిక లక్షల గడియార స్పందనలు గడచిపోవును. వేగమునకు వెల చెల్లించి, దానిని వాకిట నిలబెట్టినట్లే గదా! కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి.లో ఈ నిరీక్షణ లేదు.

పవర్ సప్లై విషయమున పొరపాటు ఇంకను ప్రమాదకరము. 2004లో వచ్చిన 80 ప్లస్ గుర్తు ముఖ్యముగా దక్షతను తెలుపునే గాని, రక్షణ ఏర్పాట్లకు హామీ కాదు. నాసిరకపు పవర్ సప్లై చెడిపోవుచు తక్కిన భాగములను గూడ చెరచవచ్చును.

కావున తరువాత చేర్చుకొనగలిగినవానిలో పొదుపు చేయవలెను. ఒక మెమొరీ గాడిని ఖాళీగా ఉంచవచ్చును. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉన్నచో వేరు కార్డును వాయిదా వేయవచ్చును. అన్నిటికిని ఆధారమైన దానిలో మాత్రము పొదుపు తగదు. ఈ విచక్షణ నేర్పని జాబితా విద్యార్థికి ధరలు చెప్పును గాని, ఎన్నిక నేర్పదు.