కట్టించినవాళ్ల దారిలో కోఠీ నడక

నగరాన్ని నడిచి చూడమంటూ చేతికిచ్చే దారిచీట్లని నేను సాహిత్యంగానే చదువుతాను. వాటికో వ్యాకరణం ఉంది. కట్టడం పేరు, కట్టించినవాడి పేరు, సంవత్సరం, శైలి, ఆపైన ‘ఎడమకి తిరగండి’. వాక్యంలో కర్త దాదాపు ఎప్పుడూ మగవాడే, క్రియ ‘కట్టించాడు’. ఆ ఇంట్లో ఎవరు వండారు, ఎవరు కన్నారు, ఎవర్ని గడప దాటనివ్వలేదు అన్న క్రియలకి చోటుండదు. హైదరాబాదులో కోఠీ-సుల్తాన్ బజార్ నడక దీనికి మంచి ఉదాహరణ.

రెసిడెన్సీ దగ్గర బయల్దేరతాం. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు, లోపల దర్బారు హాలు. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు ప్లానుతో 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఇక్కడిదాకా చెప్పి చీటీ గొంతు మార్చి ప్రేమకథ అందుకుంటుంది. హైదరాబాదు ఉన్నత కుటుంబపు పిల్ల ఖైరున్నీసా ఆ దొరని పెళ్లాడింది. పరదాలో ఉన్న ఆమె భవనం ముందువైపు చూడలేదు కాబట్టి, దాని చిన్న నమూనా కట్టించి జనానా తోటలో పెట్టించాడట. కథ నిజమో కాదో అటుంచండి. దాన్ని ప్రేమ కానుకగా మాత్రమే చెప్పడం మీదే నా అభ్యంతరం. తన ఇంటి ముందుకి నడిచి వెళ్లలేని మనిషికి ఇంటినే కుదించి తెచ్చి చూపించారంటే, ఆ బొమ్మ కొలిచేది అతని ప్రేమనా, ఆమెకి అనుమతించిన దూరాన్నా?

ఆమె ఉన్న రంగ్ మహల్ ఇప్పుడు లేదు. 1860లో కూల్చేశారు. తర్వాతి తరం దొరలకి అది తమ పూర్వీకుడి సిగ్గుమాలినతనంగా కనిపించింది. దారిచీట్లు నిలబడ్డవాటి దగ్గరికే తీసుకెళ్తాయి, కూలినవాటికి నంబరు ఇవ్వవు. అందుకేనేమో ఖైరున్నీసా కథ కూడా ఆ మెట్ల దగ్గరే ఆగిపోతుంది. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. ఆమె మళ్లీ వాళ్లని చూడలేదు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. హైదరాబాదుకి తిరిగి రానివ్వకపోతే కొన్నాళ్లు మన మచిలీపట్నంలో ఉంది. 1813లో చనిపోయేనాటికి ఆమెకి ముప్ఫయ్యేళ్లు కూడా లేవు. విలియం డాల్రింపుల్ 2002లో తెచ్చిన ‘వైట్ మొఘల్స్’ ఈ కథని ఉత్తరాల ఆధారంతో చివరిదాకా చెప్పింది. ఆ శ్రమని తక్కువ చెయ్యను. కానీ పుస్తకం పేరు చూడండి, అక్కడ కూడా మొఘలుగా మారిన తెల్లవాడే ఉన్నాడు.

ఇలాంటి చీట్లలో నన్ను ఎక్కువగా గుచ్చే మాట ‘ప్రస్తుతం’. ‘ప్రస్తుతం ఇది మహిళా కళాశాల’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1949 నుంచి ఆడపిల్లలు చదువుకుంటున్న చోటు అది! డెబ్భై అయిదేళ్లు దాటిన కాపురాన్ని ‘ప్రస్తుతం’ అనడమంటే వాళ్లని అద్దెకున్నవాళ్లుగా లెక్కేయడమే. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయం అయింది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తెల్లదొరలు కొలువు తీరిన చోటుకి విసునూరు దొరని ఎదిరించి తన పంట దక్కించుకున్న ఆవిడ పేరు రావడం, స్తంభాల ఎత్తు పాటి ముచ్చటైనా కాదా?

తర్వాత బజారు. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. ‘తలెత్తి పై అంతస్తులు గమనించండి’ అంటారు. గాజుల బండ్లూ, గుడ్డల కొట్లూ, మీదమీదకొచ్చే ఆటోల మధ్య ఆగి తలెత్తి చూడగలిగేది ఎవరు? ఆడది ఊరికే నిలబడితే ఎందుకు నిలబడిందా అని చూస్తారు. చేతిలో సంచీ ఉంటే ఎవరూ పట్టించుకోరు. మాలో చాలామందిమి ఈ వీధుల్ని కొనుగోళ్ల నెపంతోనే నేర్చుకున్నాం. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ ఏ సందులో దొరుకుతుందో తెలియడం కూడా నగరం తెలియడమే. అన్నట్టు, దారిలో బాత్రూం ఎక్కడుందో ఈ చీట్లు చెప్పవు. మనలో ఎవరు రాసినా ముందు అదే రాసేవాళ్లం.

అక్కడికి దగ్గర్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901లో పుట్టింది. స్థాపకుల్లో కొమర్రాజు లక్ష్మణరావు పేరు తప్పకుండా వినిపిస్తుంది. వినాల్సిందే. ఆయన అక్క భండారు అచ్చమాంబ ఆ రోజుల్లోనే దేశంలోని స్త్రీల చరిత్రలు పోగుచేసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాస్తోంది. ఆవిడ పేరు మీద కోఠీలో కట్టడం లేదు కాబట్టి నడకలో ఆవిడ లేదు. తమ్ముడు నిలబెట్టిన గ్రంథాలయం ముందు ఆగి అక్క పుస్తకం గురించి రెండు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? రంగ్ మహల్ ఖాళీ జాగాకి కూడా ఒక నంబరు వేస్తే, అక్కడినుంచి ఇక్కడికి నడిచొచ్చే దూరమే.